ముఖాల వెనకాల కొండ

విశాఖలోని కంచరపాలెం అనగానే ఇప్పుడు చాలామందికి 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ గుర్తొస్తుంది. దర్శకుడు వెంకటేష్ మహా అందులో చాలావరకు ఇక్కడి జనాన్నే నటులుగా నిలబెట్టాడు. ఆ సినిమాకి బలం ఆ ముఖాలే. అసలు ఈ పేటకి కెమెరాతో ఉన్న చుట్టరికమంతా ముఖాలతోనే. ఓ పక్క రైల్వే, ఇంకో పక్క ఐటీఐ, పాలిటెక్నిక్, ఇండస్ట్రియల్ ఎస్టేట్. ఇలాంటి చోట దరఖాస్తు అంటే పాస్‌పోర్టు సైజు ఫొటో. స్టూడియో వెనక గదుల్లో ఎర్ర బల్బు వెలుగులో కడిగినవి అవే. మూడు కాపీలు, చుట్టూ తెల్ల అంచు, బుగ్గ మీద మచ్చ ఉంటే కాస్త టచింగు. పేట వెనకున్న కొండ ఫొటో ఎవరడుగుతారు? అడిగినా డబ్బులెవరిస్తారు?

నన్నడిగితే మాత్రం, నలుపు తెలుపులో నేలనీ నింగినీ పట్టాలంటే విశాఖలో బీచ్ రోడ్డు కంటే ఇదే మంచి చోటు. (బీచ్ రోడ్డు అభిమానులు క్షమించాలి.) అక్కడ ఉన్నవి నీరూ ఆకాశమూ, రెండే. ఇక్కడ పట్టాలు, పాత క్వార్టర్లు, ఎత్తు మీదికి ఎగబాకే ఇళ్లు, సున్నం గోడలు, డాబాల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు, అన్నిటికీ వెనక కొండ. పాల తెలుపు నుంచి కాటుక నలుపు దాకా అన్నీ ఒక్క ఫ్రేములోనే దొరుకుతాయి.

పైగా మన నేలది ఎర్ర మన్ను. రంగు తీసేసినప్పుడు దాని సంగతి చూడాలి. పాతకాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడదు, కాబట్టి తవ్విన కొండచరియ ప్రింటులో నల్లగా పడుతుంది. అన్ని రంగులూ కనపడే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము వేసి, లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెడితే అదే చరియ తెల్లబడి వెనకున్న నీలాకాశం నల్లబడుతుంది. ఏది నిజమంటే రెండూ కాదు. తీసేవాడు ఒకటి ఎంచుకోవాలి, అంతే. కాకపోతే సముద్రపు తేమా పోర్టు ధూళీ కలిసి ఎండాకాలమంతా కొండకి ముసుగేస్తాయి. ఫిల్టరు దాన్ని కొంతే కోస్తుంది. గాలి శుభ్రపడాలంటే అక్టోబరు, నవంబరు వానలు పడాల్సిందే.

ఇక డార్క్‌రూము. పాతతరం వాళ్లకి నోటికొచ్చిన డీ-76 డెవలపర్ లెక్క లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. కొడాక్ వాళ్లు 1927లో ఇచ్చిన ఈ లెక్క 20 డిగ్రీల చల్లదనాన్ని నమ్ముకుంది. మే నెల విశాఖలో కుళాయి విప్పితే ఆ చల్లదనం ఎక్కడిది? వేడికి ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బి, ఊడి వచ్చేస్తుంది కూడా. అందుకే ట్రే చుట్టూ ఐసు ముక్కలు, బొమ్మని నిలిపే హైపోలో పటిక. పటిక జెలటిన్‌ని గట్టిపరుస్తుంది. తర్వాత నీళ్ల సమస్య. ఫైబర్ పేపరుని గంటసేపు పారే నీళ్లలో ఉంచాలి, హైపో మిగిలితే కొన్నేళ్లకి ప్రింటు పచ్చబడుతుంది. కుళాయి వేళలు చూసుకుని బతికే పేటలో గంటసేపు పారే నీళ్లంటే మాటలా!

ముఖం ప్రింటు చెయ్యడం వేరు, కొండని చెయ్యడం వేరు. ఆకాశానికి నేల కంటే ఎక్కువ వెలుగు ఇవ్వాలి. లేకపోతే అది కాయితమంత తెల్లగా ఉండిపోతుంది. ఎన్‌లార్జర్ కింద నేల భాగానికి అరచేయి అడ్డం పెట్టి, ఆకాశాన్ని మరికొన్ని సెకన్లు కాలుస్తారు. చెయ్యి ఆగకుండా కదులుతూనే ఉండాలి, ఆగితే గీత పడుతుంది. బీచ్‌లో దిగంతం తిన్నటి గీత, అట్టముక్క చాలు. కంచరపాలెంలో ఆ అంచు నిండా ట్యాంకులు, యాంటెన్నాలు, కరెంటు తీగలు. నలుపు వాటి మీదికి ఒలికితే పనంతా పాడు. అమెరికాలో ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్’ నెగటివ్‌ని దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింటు చేస్తూ, ఆకాశాన్ని అంతకంతకూ చీకటి చేస్తూ పోయాడు. అంత ఓపికా అంత పేపరూ మన స్టూడియోల్లో ఎవరికుంది?

తెలుగు నేల మీద ఆ ఖర్చు పెట్టగలిగింది నిజాం కొలువు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల మీద కోటల్నీ కట్టడాల్నీ పట్టాడంటే వెనక దర్బారు ఉంది. కంచరపాలేనికి ఉన్నది రైల్వే క్వార్టరు జీతం. సామాను సంగతి చెప్పనక్కర్లేదు. ‘ఇందు’ పేరుతో ఫిల్మూ పేపరూ అందించిన ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడి ఏళ్లయింది. ఇల్‌ఫర్డ్ పేపరు ఇంగ్లండ్ నుంచి రావాలి.

అలాగని పాత కంచరపాలెం ఎక్కడా లేదనుకోను. పాలిటెక్నిక్ గ్రూపు ఫొటోలో చివరి వరస తలల పైన, పెళ్లి ఊరేగింపులో బ్యాండు వెనక, కొత్త స్కూటర్ పక్కన నిలబడ్డ మనిషి భుజం దగ్గర ఓ ముక్క కొండ పడే ఉంటుంది, అపార్టుమెంట్లు లేవకముందుది. ఆ నెగటివ్ ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే ఎన్‌లార్జర్‌ని పైకెత్తి ముఖాల్ని పక్కకి నెట్టి, ఆ మూల ఒక్కటే పెద్దది చేసి చూడొచ్చు. ఫోకస్ సరిగ్గా ఉండదు, గ్రెయిన్ ఇసకలా లేస్తుంది, ఫర్వాలేదు. బూజు పట్టి ఉంటే మాత్రం నీళ్లు తగలనివ్వకండి. బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరిగిపోతుంది.