వంగే నడుముకు వెన్నెముకే ఆధారం
బరువు, వంగుబాటు, ఫ్లోరైడ్ నీరు.. మూడింటి దెబ్బా దానిపైనే

అమరావతి: పత్తి తీతకైనా, మిరప కోతకైనా నడుము వంచనిదే పని సాగదు. అమరావతి, పెదకూరపాడు, క్రోసూరు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పండిన మిరప గుంటూరు యార్డుకు చేరేదాకా ప్రతి దశలోనూ భారం మోసేది మనిషి వెన్నే. చేలో వంగి కాయ కోసే కూలీ, కళ్లంలో కాయలు తిరగేసే రైతు, యార్డులో టిక్కీని వీపున వేసుకొని నడిచే హమాలీ.. అందరి బతుకుదెరువూ వెన్నెముక మీదే ఆధారపడి ఉంది. దాని నిర్మాణం ఏమిటి, అది ఎందుకు దెబ్బతింటుంది అన్న సంగతి మాత్రం నొప్పి మొదలయ్యేదాకా చాలామందికి పట్టదు.

స్తంభం కాదు.. గొలుసు

వెన్నెముకను ఇంటి నడిమి స్తంభంతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక సగమే నిజం. అమరావతి మహాస్తూపానికి నాలుగు దిక్కులా నిలిపిన ఆయక స్తంభాల వంటి రాతి స్తంభం నిటారుగా నిలుస్తుందే తప్ప వంగదు. వెన్నెముక బరువు మోస్తూనే ముందుకు, వెనక్కు, పక్కలకు వంగుతుంది, మెలి తిరుగుతుంది. గట్టి ఎముక, దాని కింద మెత్తని డిస్కు, మళ్లీ ఎముక.. ఇలా పేర్చి ఉండటమే ఇందుకు కారణం.

పుట్టినప్పుడు మనిషికి సాధారణంగా 33 వెన్నుపూసలు ఉంటాయి. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 విడివిడిగా ఉంటాయి. వాటి దిగువన ఉన్న 5 కలిసిపోయి త్రికాస్థిగా, చిట్టచివరి 4 కలిసి తోక ఎముకగా మారుతాయి. అందువల్ల పెద్దవారిలో ఎముకల లెక్క 26కు తగ్గుతుంది. కిందికి వచ్చేకొద్దీ మోయవలసిన భారం పెరుగుతుంది కనుక పూసల పరిమాణమూ పెరుగుతుంది. విడి పూసల్లో నడుము పూసలే అన్నింటికన్నా పెద్దవి.

పక్కనుంచి చూస్తే వెన్నెముక తిన్నగా కనిపించదు. మెడ, నడుము వద్ద ముందుకు, ఛాతీ, త్రికాస్థి వద్ద వెనక్కు వంపు తిరిగి ఉంటుంది. శిశువు తల నిలిపే వేళ మెడ వంపు, కూర్చుని నడక నేర్చే వేళ నడుము వంపు స్పష్టమవుతాయి. నడకలో, దూకడంలో కలిగే అదురును ఈ వంపులు స్ప్రింగు మాదిరిగా తట్టుకుంటాయి.

పగలు పిండి.. రాత్రి నిండి

పూసల మధ్య 23 డిస్కులు ఉన్నాయి. ఒక్కో డిస్కుకు వెలుపల గట్టి నారల వలయాలు, లోపల జిగురు వంటి పదార్థం ఉంటాయి. ఆ జిగురులో ఎక్కువ భాగం నీరే. పగలంతా శరీర భారానికి అందులోని నీరు కొంత బయటకు పోతుంది. రాత్రి పడుకున్నప్పుడు మళ్లీ చేరుతుంది. ఉదయం లేచినప్పటి ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటరు, ఆపైన తగ్గడం ఇందువల్లే. పెద్దవారి డిస్కు లోపలి భాగానికి రక్తనాళాలు ఉండవు. పక్కనున్న ఎముకల నుంచి ఊరే ద్రవమే దానికి పోషణ. అందుకే డిస్కుకు కదలిక ఎంత అవసరమో విశ్రాంతీ అంతే అవసరం.

ప్రతి పూస వెనుక ఒక ఎముక వలయం ఉంటుంది. ఈ వలయాలన్నీ వరుసగా కలిసి ఏర్పడిన కాలువలో వెన్నుపాము భద్రంగా ఉంటుంది. చిటికెన వేలంత మందం, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు ఉండే ఈ నరాల కట్ట మెదడు ఆజ్ఞలను కాళ్లు, చేతులకు చేరుస్తుంది. దీని నుంచి 31 జతల నరాలు పూసల పక్క సందుల గుండా బయటకు వస్తాయి. డిస్కు నారలు చిట్లి లోపలి పదార్థం పొంగుకొచ్చి నడుము నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి పాదం దాకా పాకుతుంది. దీనినే సయాటికా అంటారు. బాధ కాలిలో ఉన్నా మూలం నడుములో ఉంటుంది.

బరువుతో పాటు దూరమూ లెక్కే

ఎంత బరువు ఎత్తామన్నదొక్కటే ముఖ్యం కాదు. అది వెన్నుకు ఎంత దూరంలో ఉందన్నదీ అంతే ముఖ్యం. వెన్నును వెనుక నుంచి లాగి పట్టే కండరాలు పూసకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. 20 కిలోల గంపను వెన్నుకు 40 సెంటీమీటర్ల ముందు పట్టుకుంటే, తూకం నిలపడానికి ఆ కండరాలు దాదాపు 8 రెట్లు, అంటే 160 కిలోల బలంతో లాగవలసి ఉంటుంది. అదే గంపను దగ్గరకు తెచ్చి 20 సెంటీమీటర్లలో పట్టుకుంటే ఆ బలం 80 కిలోలకు తగ్గుతుంది. ఆ లాగుడు మొత్తం నడుము డిస్కులను నొక్కుతుంది. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960వ దశకంలో డిస్కులోని ఒత్తిడిని నేరుగా కొలిచి, ముందుకు వంగినప్పుడు అది నిలబడినప్పటి కంటే బాగా పెరుగుతుందని చూపారు.

అనుభవజ్ఞుడైన హమాలీ బస్తాను వీపు పైభాగాన వేసుకొని, భారం పాదాల మీద పడేలా ఒంగి నడుస్తాడు. ఇది చదువు చెప్పిన లెక్క కాదు, పని నేర్పిన ఒడుపు. అయినా ఏళ్ల తరబడి మోతతో డిస్కులు అరగక తప్పదు. వయోజనుడైన పురుష కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫార్సు చేసింది.

కోత కూలీలది మరో ఇబ్బంది. చాలాసేపు పూర్తిగా వంగి ఉంటే నడుము కండరాలు సడలి, భారం పూసలను కట్టి ఉంచే సంధి బంధనాల మీదకు మళ్లుతుంది. అవి క్రమంగా సాగుతాయి. లేచిన వెంటనే పూర్వస్థితికి రావు. అలాంటి సమయంలో నిండు గోతాన్ని ఎత్తడం ప్రమాదకరం. కొద్దిసేపటికోసారి లేచి నిటారుగా నిలబడటం, మూట ఎత్తేముందు రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ నడవడం, మోకాళ్లు వంచి బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, ఎత్తుతూ నడుము మెలితిప్పకపోవడం మేలు.

నీరు చేసే చేటు

మోత, వంగుబాటు వెన్నులోని మెత్తని భాగాలను అరగదీస్తాయి. ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీరు అందుకు భిన్నంగా మెత్తగా ఉండవలసిన వాటిని గట్టిపరుస్తుంది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిత్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించి 1937లో వెల్లడించారు. ఆనాడు ఆ జిల్లాలోనే ఉండి, 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలను ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలుగా పీడిస్తోంది.

ఏళ్ల తరబడి ఆ నీరు తాగితే సంధి బంధనాల్లో సున్నం పేరుకుంటుంది. పూసలు ఒకదానితో ఒకటి అతుక్కున్నట్లు బిగుసుకుపోతాయి. మెడ తిప్పలేరు, నడుము వంచలేరు. ఎముక పెరిగి వెన్నుపాము కాలువ ఇరుకైతే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. ఒకసారి గట్టిపడిన వెన్నును మందులతో పూర్వస్థితికి తేవడం సాధ్యం కాదు. నివారణే మార్గం.

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చునని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాటరాదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ విధానాన్ని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించింది. వీలున్నచోట వాననీరు, నది నీరు తాగడం అన్నింటికన్నా ఉత్తమం.

ఆలస్యం చేయరాదు

మామూలు నడుంనొప్పి ఎక్కువమందిలో కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది. రోజుల తరబడి మంచం పట్టడం కంటే ఓర్చుకోగలిగినంత మేర తిరగడమే మంచిది. అయితే కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా వెంటనే ఆస్పత్రికి చేరాలి. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే వెన్నుకు క్షయ సోకిందేమో పరీక్ష చేయించుకోవాలి. చెట్టుపై నుంచి పడినవారిని, ట్రాక్టర్ బోల్తా పడి గాయపడినవారిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తరాదు. మెడ, నడుము కదలకుండా ఉన్నచోటే ఉంచి 108కు ఫోన్ చేయాలి. తప్పనిసరై కదిలించాల్సి వస్తే నలుగురూ కలిసి ఒకేసారి బల్లమీదకు చేర్చాలి. విరిగిన పూస కదిలి వెన్నుపామును కోస్తే మనిషి మళ్లీ నడిచే అవకాశమే పోవచ్చు. ఆ కొద్ది నిమిషాల జాగ్రత్త ఒక కుటుంబానికి జీవనాధారాన్ని నిలబెడుతుంది.