నెట్ వస్తలేదా? ఫోన్ పారేసే ముందు జెర ఆగుండ్రి

2023 ఎండకాలం ముచ్చట. మా ఊర్ల ఉపాధి పనికి మేట్‌గ పోయే అక్క కాడ ఏడేండ్ల పాత స్మార్ట్‌ఫోన్ ఉండె. కూలీల హాజరు యాప్‌ల ఫొటో కొట్టి పంపాలన్న నిబంధన ఆ ఏడాది జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ వచ్చింది. రోజుకు రెండుసార్లు ఫొటో. ఫొటో పోకుంటె హాజరు లేదు, హాజరు లేకుంటె కూలి లేదు. గసొంటి టైంల ఆమె ఫోన్‌ల నెట్ బందయింది. సిగ్నల్ గీతలు నిండుగనే ఉన్నయ్. కాల్స్ పోతున్నయ్, వస్తున్నయ్. నెట్ ఒక్కటే లేదు. మండలంల ఫోన్లు బాగుచేసే కాడికి పోతే "బోర్డు పోయింది, రెండు వేలైతది, లేకుంటె కొత్తది కొనుక్కో" అన్నడట.

బోర్డు పోలే. నంబర్ గదే ఉంచుకొని మూడు రోజుల కిందనే ఆమె కంపెనీ మార్చింది. సిమ్ మారిన రోజూ, నెట్ బందయిన రోజూ ఒక్కటే. గది ఎవలూ అడగలే. సెట్టింగ్ సరిచేస్తే అయిదు నిమిషాలల్ల ఫొటోలు పోయినయ్.

మనోళ్లు చానమంది పడే తిప్పలు గిదే. గీతలు నిండుగుంటె నెట్ రావాలె కదా అనుకుంటరు. గీతలు చెప్పేది ఒక్కటే: టవర్ మాట ఫోన్‌కు వినబడుతున్నదని. నెట్ రావాలంటె ఇంకా మూడు కుదరాలె. సిమ్‌ల డేటా ఉండాలె, ఫోన్‌ల సెట్టింగ్ సక్కగుండాలె, టవర్ ఇచ్చే నెట్‌వర్క్ ఆ పాత ఫోన్‌కు అర్థం కావాలె.

అందుకే సెట్టింగులు కెలికే ముందు తప్పు ఎవలదో తేల్చుండ్రి. మీ సిమ్ తీసి, గదే జాగల నిలబడి, నెట్ నడుస్తున్న దోస్తు ఫోన్‌ల ఏసి చూడుండ్రి. అండ్ల నెట్ వస్తే సిమ్ మంచిదే, లొల్లి మీ ఫోన్‌ల ఉన్నది. రాకుంటె దోస్తు సిమ్ మీ ఫోన్‌ల ఏయుండ్రి. అది నడిస్తే మీ సిమ్మో, రీచార్జో చూసుకోవాలె. ఊర్ల ఆ కంపెనీ సిమ్ ఉన్నోళ్లెవలికీ రాకుంటె టవర్ కాడనే ఏదో అయింది, మీరు చేసేదేం లేదు. పది నిమిషాల ఈ పనికి పైస ఖర్చు లేదు, గనీ చేసేటోళ్లు తక్కువ.

తప్పు ఫోన్‌ల ఉన్నదని తేలితే మొదలు చిన్నయి చూడాలె. మొబైల్ డేటా బటన్ ఆన్ ఉన్నదా? ఆండ్రాయిడ్ 4.0 నుంచి డేటా వాడకానికి లిమిట్ పెట్టే సౌలత్ వచ్చింది. ఇంట్ల పోరగాళ్లు ఎప్పుడో అది ఆన్ చేసి పెడ్తరు, లిమిట్ దాటంగనే ఫోనే నెట్ కోసేస్తది. ఇంకోటి తేదీ. బ్యాటరీ పూర్తిగ సచ్చినా, తీసి పెట్టినా పాత ఫోన్ల తేదీ ఎన్కటి ఏండ్లకు పోతది. వెబ్‌సైట్ అసలుదేనా అని చూపే సర్టిఫికెట్‌కు గడువు తేదీలు ఉంటయ్. ఫోన్‌ల తేదీ తప్పుంటె అవి చెల్లవు, పేజీ తెరుచుకోదు. మనం నెట్ లేదనుకుంటం.

ఇగ అక్క ఫోన్ల జరిగింది ఏపీఎన్ కథ. ఏపీఎన్ అంటే కంపెనీ నెట్‌లకు పోయే దర్వాజ పేరు. కొత్త ఫోన్లు సిమ్ ఎయ్యంగనే ఆ పేరు అవే రాసుకుంటయ్. పాతవి ఒక్కోసారి రాసుకోవు, లేకుంటె ఎన్కటి కంపెనీ పేరే పట్టుకొని కూసుంటయ్. సెట్టింగ్స్‌ల మొబైల్ నెట్‌వర్క్స్‌కు పొయ్యి, యాక్సెస్ పాయింట్ నేమ్స్ తెరిచి, కొత్తది కలపాలె. పేరు కాడ ఏదైన రాయొచ్చు. ఏపీఎన్ కాడ మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాలల్ల, నడుమ ఖాళీ లేకుండ కొట్టాలె. జియోకైతే జియోనెట్. ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, ఆ డాట్ అంటే చుక్కనే. బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగ ఇడువుండ్రి. మెనూల సేవ్ నొక్కుడు, ఆ పేరు పక్కన గుండ్రటి చుక్క పెట్టుడు మర్వద్దు. చానమంది గీడనే ఆగిపోతరు. ఎన్క ఏరోప్లేన్ మోడ్ జెరసేపు ఆన్ చేసి తీసేస్తె సరి.

గిదంత చేసినా నడుస్తలేదంటె గీతల పక్కన అక్షరం చూడుండ్రి. జీ గానీ ఈ గానీ ఉంటె అది 2జీ. హెచ్ ఉంటె 3జీ. ఈ కనబడుతున్నదంటె నెట్ వచ్చినట్టే, గనీ ఎడ్లబండి లెక్క. ఇప్పటి యాప్‌లు అంతసేపు ఎదురు చూడవు, ఎర్రర్ చూపించి మూసుకుంటయ్. ముందుగాల నెట్‌వర్క్ మోడ్ 2జీ మీద ఉన్నదేమో చూడుండ్రి. రెండు సిమ్‌ల పాత ఫోన్లల్ల చానవాటికి ఒక్క స్లాట్‌లనే 3జీ, 4జీ నడుస్తది. సిమ్ జాగ మార్చి చూడాలె. 3జీ కాలంల తీసుకున్న సిమ్ అయితే కంపెనీ కాడ 4జీ సిమ్‌కు మార్చుకోవాలె.

కొన్నింటికి మాత్రం ఏ సెట్టింగూ పనిచెయ్యదు. జియో 2016 సెప్టెంబర్ 5న మొదలైంది, మొదటిసంది దాని కాడ 2జీ, 3జీ లేవు. ఎయిర్‌టెల్ 2019ల కోల్‌కతాతోని మొదలువెట్టి 3జీ మూసుకుంట వచ్చింది. అంటే 3జీ వరకే నడిచే ఫోన్‌ల జియో సిమ్ పనిచెయ్యదు, ఎయిర్‌టెల్ సిమ్ ఏస్తే ఈ కాడనే ఆగుతది. ఫోన్ ఖరాబ్ కాలే, అది నడిచే తొవ్వ మూసిన్రు. కష్టపడి కొన్న వస్తువు మంచిగుండంగనే పనికిరాకుండ పోవుడు నాకైతే న్యాయమనిపియ్యదు. హాజరు, రేషన్ ఈకేవైసీ అన్నీ ఫోన్ మీదికి తెచ్చినోళ్లు ఈ సంగతి సోంచాయించాలె కదా.

4జీ ఫోన్లకూ ఒక కిరికిరి ఉన్నది. జియో 4జీ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తది. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మీద. నంబర్ తక్కువున్నది దూరం పోతది, గోడలు దాటుతది, ఊర్లల్ల గదే అక్కెరకొస్తది. మొదట్ల వచ్చిన 4జీ ఫోన్లల్ల కొన్నింటికి ఆ తక్కువ నంబర్లు తెల్వయ్. టవర్ కండ్ల ముందే ఉన్నా నెట్ రాదు. ఫోన్ మోడల్ పేరు కొట్టి వెతికితే ఏ బ్యాండ్‌లు ఉన్నయో తెలుస్తది. జియోకు బ్యాండ్ 5, బీఎస్ఎన్ఎల్‌కు బ్యాండ్ 28 ఉన్నదా చూడుండ్రి. లేకుంటె ఫోన్ మార్చకుండ, ఆ ఫోన్‌కు మీ ఊర్ల పట్టే కంపెనీకి సిమ్ మార్చుకునుడే చవుక.

వాట్సాప్ ఒక్కటే తెరుచుకుంటలేదంటె అది నెట్ లొల్లి కాకపోవచ్చు. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 5.0 కంటె పాత ఫోన్లల్ల అది బందయింది. బ్రౌజర్‌ల ఏదైన పేజీ తెరిచి చూస్తె తేలిపోతది.

దుకాణానికి పోవుడే పడితే సిమ్ మార్చి చూసిన్నని, తేదీ, ఏపీఎన్ సక్కగున్నయని ముందే చెప్పుండ్రి. అయినా బోర్డు పోయిందంటె, వేరే సిమ్ ఏసి మీ ముందట చూపియ్యమనుండ్రి.