ఏ కోతకు ఏ రంపము?

వడ్రంగపు పనిలో సగము కోతలోనే యున్నది. కోత వంకరపోయినచో చిత్రిక దానిని కొంతవరకే సరిదిద్దగలదు. అతుకు బిగియదు, తలుపు మూయబోయిన మొరాయించును. పూర్వము పెద్ద దుంగను కోయవలెనన్న ఒకరు పైన, ఒకరు క్రింద నిలిచి దినమంతయు రంపము లాగెడివారు. విద్యుచ్ఛక్తి ఆ శ్రమను తీసివైచినది. కాని దుకాణమునకు పోయిన వడ్రంగికి వేరొక చిక్కు ఎదురగును. అచ్చట నాలుగైదు విధముల కరెంటు రంపములు వరుసగా నుండును. ఉన్న సొమ్ముతో ఒక్కటి మాత్రమే కొనగలవాడు దేనిని కొనవలెను?

ధర అడుగుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. మనము కోయువానిలో తిన్నని కోతలు ఎక్కువా, వంపు కోతలు ఎక్కువా? కొయ్య రంపము వద్దకు వచ్చునా, రంపమే కొయ్య వద్దకు పోవలెనా? ఈ రెండింటికి సమాధానము దొరకినచో ఎంపిక చాలవరకు ముగిసినట్లే.

సర్క్యులర్ సా అని మనవారు అడుగునది చక్రరంపము. చేతితో నడపు దానికి సాధారణముగా ఏడుంబావు అంగుళముల బ్లేడు, అనగా 184 మిల్లీమీటర్లది, ఉండును. నిలువున రెండున్నర అంగుళముల మందము వరకు కోయును. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకను యంత్రము పైకి ఎత్తుట కష్టము. పలకను నేలపై పరచి, తిన్నని బద్దను ఆనికగా బిగించి, దాని వెంట ఈ రంపమును నడపుట సులువు. దీని పళ్ళు క్రిందినుండి పైకి కోయును గనుక పై ముఖమున పెచ్చులు లేచును. అందుచే పలక యొక్క మంచి ముఖమును క్రిందికి ఉంచవలెను. ఈ రంపముతో వంపులు కోయరాదు. బ్లేడు ఒరసికొని పట్టివేయును.

ఇదే చక్రమును బల్ల క్రింద బిగించినచో బల్లరంపమగును. తలుపు చట్రములకు ఒకే కొలత బద్దలు నూరు కావలెనన్న దీనికి సాటి లేదు. అయితే దానికి స్థిరమైన చోటు కావలెను.

బ్యాండ్ సాలో పళ్ళు గల ఉక్కు పట్టీ రెండు చక్రములపై తిరుగుచుండును. 1808లో ఇంగ్లండులో విలియం న్యూబెరీ దీనికి పేటెంటు పొందినను, పట్టీ అతుకు మాటిమాటికి తెగుటచే చాలకాలము వాడుకలోనికి రాలేదు. దీని గొప్ప సుగుణము కలప పొదుపు. చక్రరంపపు కోత మూడు మిల్లీమీటర్ల కలపను పొట్టు చేయునచోట ఇది ఒకటిన్నర మాత్రమే తినుననుకొందము. ఒక టేకు దిమ్మెను పది పలకలు చేయుటకు తొమ్మిది కోతలు. మిగులునది అరంగుళము పైచిలుకు టేకు! వంపు కాళ్ళ కుర్చీలు చేయువారికి కూడ ఇదియే తగినది.

జిగ్‌సా కథ విచిత్రమైనది. 1946లో స్విట్జర్లాండులో ఆల్బర్ట్ కాఫ్‌మన్ అను ఇంజనీరు కుట్టుమిషను సూది తీసి, ఆ స్థానమున రంపపు బ్లేడు బిగించి చూచెను. సూది వలెనే పైకి క్రిందికి ఆడు ఈ బ్లేడు పలకలో గుండ్రని రంధ్రములకు, నగిషీ వంపులకు పనికివచ్చును. మందపు కొయ్యలో మాత్రము బ్లేడు వంగి, పైన గీత వెంట పోయినను క్రింద ప్రక్కకు పోవును. ఇక గొలుసు రంపము చెట్లు నరకుటకు ఏర్పడినది, వడ్రంగమునకు పనికిరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. చౌకగా దొరకునను కారణమున చాలమంది రాతిని కోయు మార్బుల్ కట్టరుకో, గ్రైండరుకో కొయ్య బ్లేడు బిగించి వాడుచున్నారు. చక్రరంపము నిమిషమునకు సుమారు అయిదారు వేల చుట్లు తిరుగగా, ఇవి పదివేలకు మించి తిరుగును. చక్రరంపము కొయ్యను వదలగానే క్రింది మూత దానంతట అదే బ్లేడును కప్పును. వీనికి అట్టి మూత లేదు. కోత సందు మూసికొని బ్లేడును బిగబట్టినప్పుడు యంత్రము మనపైకి ఎదురు తన్నును. ఆ క్షణమున తిరుగుచున్న పళ్ళకు, చేతి వ్రేళ్ళకు నడుమ అడ్డమేమియు నుండదు. వడ్రంగికి వ్రేళ్ళే ఆస్తి. కొన్నివేల రూపాయల పొదుపునకు దానిని పణము పెట్టరాదు.

ఏ రంపమైనను బ్లేడు మార్చునప్పుడు ప్లగ్గు ఊడదీయవలెను. మెడలో తుండుగుడ్డ, వ్రేలాడు చేతులు గల చొక్కా, చేతి తొడుగులు తిరుగు బ్లేడు దగ్గరకు రాకూడదు. కన్నులకు అద్దములు, ముక్కునకు మాస్కు అవసరము. కొయ్య ధూళి క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చినది.

కనుక ఇండ్లకు పోయి ప్లైవుడ్ అలమరలు చేయువారు ముందు చేతి చక్రరంపమును, తరువాత జిగ్‌సాను కొనవచ్చును. ఒకే కొలతలో తలుపులు, కిటికీలు చేయు కార్ఖానాకు బల్లరంపము, విలువైన కలపతో కుర్చీలు, మంచములు చేయువారికి బ్యాండ్ సా ఉపయుక్తములు. ఏడాదికొకటి రెండుమార్లు మాత్రమే పడు కోతకై యంత్రము కొననక్కరలేదు. ఆ దుంగను మిల్లుకు పంపి, కూలి యిచ్చి కోయించుకొనుటయే లాభము.