పత్రికా పరిశోధన శిక్షణ - తెలుగు చదువరి యావశ్యకత

పత్రికలను, ఆకాశవాణిని, చలనచిత్రములను శాస్త్రీయముగా పరిశీలించు విద్య మన విశ్వవిద్యాలయములలో మిక్కిలి ప్రాచీనమైనది కాదు. మదరాసు విశ్వవిద్యాలయమున 1947లోను, ఉస్మానియాలో 1954లోను పత్రికారచన శాఖలు నెలకొన్నవి. విలేఖరులను తీర్చిదిద్దుటతో మొదలైన యీ విద్య క్రమముగా డాక్టరేటు పరిశోధన వఱకు విస్తరించినది.

డాక్టరేటు శిక్షణ యనగా బృహద్గ్రంథమొకటి వ్రాయుట మాత్రమే కాదు. తగిన ప్రశ్నను వేయుట, ఆధారములను శోధించుట, తాననుసరించిన పద్ధతిని ఇతరులు పరీక్షింప వీలగునట్లు వెల్లడించుట - ఈ మూడింటి యభ్యాసమే శిక్షణ. యూ.జీ.సీ. 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారము అభ్యర్థి కనీసము 12 క్రెడిట్ల పాఠ్యక్రమమును పూర్తిచేయవలెను. అందు పరిశోధనా నీతియు, పరిశోధనా పద్ధతులును చేరియున్నవి. కనిష్ఠకాలము 3 సంవత్సరములు. సామాన్యముగా గరిష్ఠకాలము 6 సంవత్సరములు. ప్రతి సెమిస్టరునందును అభ్యర్థి సలహాసంఘము నెదుట తన పని పురోగతిని వివరింపవలెను.

పద్ధతి యెట్టిదో ఒక యుదాహరణము వలన తేటపడును. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మదరాసులో అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము మదరాసు నగరము లేకయే యేర్పడెను. ఈ నడుమ, నాడు మదరాసునుండియే వెలువడుచుండిన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభలు ఆ నగరమును గూర్చి యెట్లు వ్రాసెనో తెలిసికొనగోరు విద్యార్థి వరుసగా ఏడు సంచికలను తీసికొనరాదు. ఆ వారమున జరిగిన ఒక్క సంఘటనయే ఫలితమును వక్రింపజేయవచ్చును. వేర్వేరు వారములనుండి ఒక సోమవారము, ఒక మంగళవారము చొప్పున చీట్లు తీసినట్లు ఏరి, ఏడు దినములను ఒక వారముగా కూర్చును. అట్టి వారములను కొన్నింటిని సిద్ధపఱచి, సంపాదకీయములను హక్కు, విన్నపము, ఆక్షేపణ యను తరగతులుగా విభజించును. అదే పనిని మఱియొక చదువరియు వేఱుగా చేయును. ఇరువురి నిర్ణయములును పొసగనిచో తరగతుల నిర్వచనములను సవరింపవలెను.

భాషాజ్ఞానము యొక్క విలువ ఇచటనే తెలియును. 'మన నగరము' అనునపుడు వినువాడును అందు చేరును. 'మా నగరము' అనునపుడు వాడు వెలుపల నుండును. ఆంగ్లమున రెంటికిని ఒకే పదము. అనువాదమును మాత్రమే చూచిన పరిశోధకుడు, వ్యాసకర్త యెవరిని కలుపుకొనెనో, యెవరిని వేఱుచేసెనో గ్రహింపజాలడు. కావున విభజనకు కూర్చుండు ఇరువురును తెలుగు చక్కగా చదువగలవారై యుండవలెను.

రెండవ యావశ్యకత సంచికలు. ఏరిన దినపు సంచిక లభింపనిచో కూర్చిన వారము వికలమగును. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మదరాసున దినపత్రిక యైనది. ఇట్లు తెలుగు పత్రికా చరిత్రలో కొంత భాగము నేటి తెలుగు రాష్ట్రముల వెలుపలనే నడచినది. అచటి తెలుగువారి యిండ్లలోను, సంఘ గ్రంథాలయములలోను మిగిలియున్న పాత సంచికలు పరిశోధనకు మూలద్రవ్యములు. వానిని తూకమునకు వేయక, ముక్కలుగా కత్తిరింపక, తేదీ కనబడునట్లు పూర్ణముగా భద్రపఱచి పట్టిక వ్రాసియుంచుట సంఘములు చేయదగిన పని. వానిని చదువగల పిల్లలను తయారుచేయుట తెలుగు పాఠశాలల పని. ఈ రెండును జరిగిననాడే విశ్వవిద్యాలయమున నేర్చిన పద్ధతి తెలుగు పత్రికల విషయమున సఫలమగును.