గేదెకు చెరువే చెమట

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. ఆ రోజుల్లో మనం ఫ్యాను కింద కూర్చుని, చల్లని మజ్జిగ తాగుతూ కూడా ‘‘అబ్బ, ఏం ఎండలు!’’ అని విసుక్కుంటాం. మరి ఆ మజ్జిగకు పాలిచ్చిన పశువు ఎండకు ఎలా తట్టుకుంటున్నదో ఎప్పుడైనా ఆలోచించామా? కిందటి వేసవిలో మార్టూరు వెళ్లేదాకా నేనూ ఆలోచించలేదు.

అక్కడ మా పెద్దాడపడుచుగారి ఇల్లు. ఊరి చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. పంట తీసేశాక ఆ నల్లరేగడి మీద నీడనిచ్చే చెట్టు కోసం వెతుక్కోవాలి. వదినగారికి ఒక ఒంగోలు ఆవు, ఒక గేదె, నాలుగు మేకలు ఉన్నాయి. ఒకనాడు మధ్యాహ్నం రెండు గంటలవేళ రేకుల పాకలో గేదె నాలుక బయటపెట్టి, నురగలు కారుస్తూ, రొప్పుతూ కూలబడింది. పక్కనే ఆవు తాపీగా నెమరు వేస్తున్నది. మేకలైతే దొడ్డి చివర తుమ్మకంప కొరుక్కుంటున్నాయి!

పశువుల డాక్టరుగారు వస్తూనే, ‘‘ఒళ్లు రోజుకు ఎన్నిసార్లు తడుపుతున్నారమ్మా?’’ అని అడిగారు. వదినగారు తెల్లబోయి, ‘‘మూడు పూటలా కుడితి పెడుతూనే ఉన్నామండీ’’ అన్నారు. ‘‘గేదెకు తాగే నీళ్లొక్కటే చాలవు’’ అన్నారాయన. ఎందుకు చాలవన్నదే ఈవేళ నేను చెప్పదలచుకున్న సంగతి.

పశువు ఒంటివేడి సుమారు 38.5 డిగ్రీలు. బయట 44 డిగ్రీల ఎండ కాస్తుంటే ఒంట్లో వేడి గాలిలోకి పోదు సరికదా, గాలిలో వేడే ఒంట్లోకి వస్తుంది. అప్పుడిక మిగిలిన దారి ఒక్కటే, తడి ఆరడం. మన మట్టికుండ సంగతే చూడండి. పైకి చెమర్చిన నీరు ఆరిపోతూ వేడిని పట్టుకుపోతుంది కాబట్టే లోపలి నీళ్లు చల్లబడతాయి. పశువు ఒంటి మీద చెమట చేసే పనీ అదే.

ఒంగోలు ఆవు మంచి మట్టికుండ లాంటిదన్నమాట. సీమజాతి ఆవులతో పోలిస్తే దీని చర్మంలో చెమట గ్రంథులు పెద్దవి, ఎక్కువ కూడా. పొట్టి తెల్లని వెంట్రుకలు ఎండను తిప్పికొడతాయి. వేలాడే గంగడోలు, వదులు చర్మం వల్ల గాలి తగిలే చోటు పెరుగుతుంది. మూపురంలో నీళ్లు దాచుకుంటుందని కొందరు అనుకుంటారు, కాదు. అది కండా కొవ్వూను. ఈ గుణాల వల్లనే మన ఒంగోలు జాతి సముద్రాలు దాటింది. 1868లో ఒక ఓడలో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవు చేరిన జత అక్కడే అమ్ముడైందంటారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. అందుకే ఆ దేశంలో ఈ జాతి పేరు నేటికీ ‘నెలోర్’!

మేకది మరో ఉపాయం. సంపాదన తక్కువైనా పొదుపుగా సంసారం నడిపే ఇల్లాలి పద్ధతి. మూత్రం చిక్కగా, తక్కువగా పోస్తుంది. ఆవుపేడ తడితడిగా ఉంటే, మేక పెంటికలు ఎలా గట్టిగా ఉంటాయో మీరు చూసే ఉంటారు. అందులో నీటిని చాలావరకు లోపలే పీల్చేసుకుంటుంది. సినాయి ఎడారిలో బెడూయిన్ల నల్లమేకలు రెండు మూడు రోజులకోసారి నీళ్లు తాగి బతుకుతాయి. ఇక ఒంటె నీళ్లు లేనప్పుడు చెమటే ఆదా చేస్తుంది. తెల్లవారుజామున 34 డిగ్రీలున్న ఒంటివేడిని పగలు 40 దాకా పెరగనిచ్చి, ఆ వేడిని రాత్రి చలిగాలికి వదిలేస్తుంది.

ఈ నెమరువేసే జీవాలకు ముక్కులో ఇంకో ఏర్పాటుంది. ఊపిరికి చల్లబడిన ముక్కులోని రక్తం మెదడు అడుగుకు చేరుతుంది. మెదడుకు పోయే వేడి రక్తం అక్కడ సన్నని వలలాంటి నాళాల్లో పారుతూ చల్లబడుతుంది. కాచిన పాలగిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చినట్టే కదూ!

మరి గేదెకేమైంది? నల్లని చర్మం ఎండను పీల్చుకుంటుంది. కాపాడే వెంట్రుకలు పలచన. చెమట గ్రంథులు ఆవుకున్న వాటిలో దాదాపు ఆరో వంతే. ఎంత కుడితి తాగినా ఆ నీరు చర్మం పైకి రావాలి గదా! అందుకే గేదె తన చెమటను బయట వెతుక్కుంటుంది. చెరువులో మునిగి, బురద పూసుకుని లేస్తుంది. బురద ఆరేదాకా చల్లదనమే. మా మామగారి రోజుల్లో మధ్యాహ్నం కాగానే గేదెల్ని కుంటకు తోలేవారు. ఇప్పుడు తోలేవాళ్లు లేక ఇంటిపట్టునే కట్టేస్తున్నాం. కుంట మాన్పించామంటే దాని చెమట మనం ఆపేసినట్టే.

కనుక గేదె ఉన్నవారు వేసవిలో రోజుకు మూడు నాలుగుసార్లు ఒంటి మీద ధారాళంగా నీళ్లు పోయాలి. పాకలో గాలి ఆడాలి; గాలి ఆడని చోట తడి ఆరదు, తడిపిన ఫలం దక్కదు. రేకుల మీద తాటాకో కొబ్బరి మట్టలో పరవండి. గడ్డి, చొప్ప వంటి మేత పొట్టలో పులిసేటప్పుడు వేడి పుడుతుంది గనక, చల్లబడ్డాక రాత్రివేళ ఎక్కువగా వేయండి. పశువు కూలబడితే నీడకు చేర్చి ఒళ్లంతా తడుపుతూ డాక్టరుకు కబురు పెట్టండి. గొట్టంతో నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

వదినగారి గేదె బతికింది. కాని ఆ ఈతలో పాలు మళ్లీ మునుపటంత ఇవ్వలేదు. ఒంటివేడి తగ్గించుకోవడానికి మేత మానేసిన పశువు పాలెక్కడినుంచి ఇస్తుంది? ఇప్పుడు పాకలోకి కుళాయి గొట్టం వేయించారు. ‘‘ఇరవై ఏళ్లనుంచి పాడి చేస్తున్నాను, ఈ ముక్క ఇప్పటికి తెలిసింది’’ అన్నారు.

పట్నంలో మనకు గేదెలు లేవనుకోకండి. వాడుకపాలు పోయించుకునేవాళ్లం ఇంకా ఉన్నాం. ‘‘పాలలో నీళ్లు పోస్తున్నావా?’’ అని పాలవాణ్ణి అడగడం మనకు అలవాటే. ఈ ఎండల్లో ‘‘గేదె మీద నీళ్లు పోస్తున్నావా?’’ అని కూడా ఒకమాటు అడగండి.