టీకా వచ్చేదాకా ఏం చేస్తాం?

మన దేశంలో స్వైన్ ఫ్లూ తొలి కేసు 2009 మే 16న హైదరాబాద్‌లో నిర్ధారణ అయింది. రోగి అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడు. దేశంలో తయారైన తొలి టీకాలు మార్కెట్‌లోకి వచ్చింది 2010 జూన్, జులైలలో. ఆగస్టు 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మహమ్మారి ముగిసిందని ప్రకటించింది. అంటే టీకా చేతికందేసరికి ఉధృతి దాటిపోయింది. కొత్త ఫ్లూకు తగిన టీకా తయారై జనానికి చేరడానికి ఇప్పటికీ నెలలు పడుతుంది. కాబట్టి సన్నద్ధత అంటే ముందుగా ఆ నెలల్ని ప్రాణనష్టం తగ్గించుకుంటూ గడిపే ఏర్పాటు. అది పెద్దాసుపత్రుల్లో కాదు, కార్మికవాడల్లో మొదలవ్వాలి.

ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. పక్షుల వైరస్, మనుషుల వైరస్ ఒకే పందిలోనో, ఒకే మనిషిలోనో చేరితే ఆ ముక్కలు కలగలిసి, మన ఒంటికి పరిచయం లేని కొత్త వైరస్ పుట్టవచ్చు. 1957, 1968, 2009 మహమ్మారులు ఇలాంటి కలయికల నుంచి వచ్చినవే. 2025 మొదట్లో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌లో ప్రభుత్వ కోళ్ల ఫారంలోనూ, గోదావరి జిల్లాల ఫారాల్లోనూ బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 బయటపడింది. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి ఈ వైరస్‌కు బలైంది. ఇది ఇప్పటికైతే మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకడం లేదు. మనకు మిగిలిన గడువు అదే.

ఆ గడువులో ఏం చేయాలో రాయ్‌పూర్ పక్కనున్న ధర్సీవాను చూస్తే తెలుస్తుంది. సిల్‌తరా పారిశ్రామికవాడ ఇక్కడే ఉంది. స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలు, బిలాస్‌పూర్ వైపు సాగే లారీలు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చి అద్దె గదుల్లో సర్దుకునే కూలీలు. పటాన్‌చెరులోనైనా, గాజువాకలోనైనా ఇదే వరస. ఇలాంటి రాకపోకలే జబ్బును మోస్తాయి. 1918లో బొంబాయిలో దిగిన ఫ్లూ రైలు మార్గాల వెంట దేశమంతా పాకింది. ప్రాణనష్టం ఎక్కువగా జరిగిన చోట్లలో రాయ్‌పూర్ అప్పుడు భాగంగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్ ఒకటి. వానలు లేక తిండి కరువైన ఏడాది కావడంతో దెబ్బ రెట్టింపైంది. పోయినవారిలో పనిచేసే వయసువాళ్లే ఎక్కువ.

ఫ్లూ సోకినవారి నుంచి వైరస్ ఎక్కువగా వ్యాపించేది మొదటి మూడు నాలుగు రోజుల్లోనే. కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐ జబ్బు రోజులకు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తుంది. కానీ సాధారణంగా మొదటి రెండు రోజులకు చెల్లింపు ఉండదు. ఈఎస్ఐ లేని రోజుకూలీకి ఆ 70 శాతం కూడా లేదు. అందరికంటే ఎక్కువగా అంటించగల రోజుల్లోనే జ్వరంతో షిఫ్టుకు వెళ్లక తప్పని పరిస్థితిని మన నిబంధనలే కల్పిస్తున్నాయి. ఇది మారాలి. అలాగే ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి మితానిన్లనే గ్రామ ఆరోగ్య కార్యకర్తలున్నారు. ఒకే బస్తీలో ఒకే వారంలో జ్వరాలు పెరిగితే ముందు తెలిసేది వాళ్లకే. వాళ్ల కబురు బ్లాకు ఆసుపత్రికి చేరి, నమూనాలు ప్రయోగశాలకు అదే రోజు వెళ్లే దారి ఇప్పుడే వేసుకోవాలి. ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది కనుక ఆలస్యానికి మూల్యం ప్రాణాలే.

కొలిమి ఆపలేం, జీతం ఇచ్చి సెలవులంటే యజమాని మునిగిపోతాడని కొందరంటారు. ఆ బరువు ఒక్క యజమాని మీదే వేయనక్కర్లేదు, బీమా నిధి ఉన్నదే అందుకు. పైగా ఒకడి జ్వరం షిఫ్టంతటికీ అంటుకుంటే కొలిమి తనంతట తానే ఆగుతుంది. 2009లో అంత భయపడ్డాం, ఏమైందన్నది మరో మాట. అప్పుడు తొలి ఏడాదిలోనే ప్రపంచంలో లక్షన్నర నుంచి 5.75 లక్షల మంది మరణించారని, వారిలో 80 శాతం 65 ఏళ్ల లోపువారని అమెరికా పరిశోధకుల అంచనా. కరోనాతో నేర్చుకున్నాం కదా అనేవారూ ఉన్నారు. ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టుకున్నాం, మంచిదే. కానీ అవి జబ్బు ముదిరాక ఆదుకునేవి, ముదరకముందు ఆపేవి కావు. జ్వరం సెలవు, ముందే అందే కబురు ఏటా వచ్చే మామూలు ఫ్లూ నుంచీ కాపాడతాయి. మహమ్మారి రాకపోయినా ఈ ఖర్చు వృథా పోదు. వస్తే మాత్రం, టీకా అందేదాకా మనకున్న రక్షణ ఇదే.