ఒక్క వైపే ముక్కు మూసుకుపోతే

పడిశం అందరికీ వస్తుంది. ఈ రోజు కుడి ముక్కు మూసుకుంటే రేపు ఎడమది మూసుకుంటుంది, వారం తిరిగేసరికి పోతుంది. అలా కాకుండా నెలల తరబడి ఒకే వైపు మూసుకుని, చీదినప్పుడు రక్తపు చారలు కనిపిస్తుంటే దాన్ని పడిశం ఖాతాలో వేయకూడదు. నేను డాక్టర్ కోర్సు కాదు, సీఎస్‌ఈ రెండో సంవత్సరం. మా పెదనాయనకు ముక్కు, సైనస్ క్యాన్సర్ వచ్చినప్పుడు రిపోర్టులు చదివి ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పే పని నాకు పడింది. అలా తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు సైనస్ అంటే జబ్బు పేరు కాదు. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులను సైనస్‌లు అంటారు. చెంపల వెనక, నుదుటిలో, కళ్ల మధ్య, ఇంకా లోపల పుర్రె అడుగున, మొత్తం నాలుగు జతలు. గది ఖాళీగా ఉంటుంది కాబట్టి అందులో గడ్డ పెరిగినా చాలా రోజులు నొప్పి తెలియదు. గది నిండి గోడను నెట్టినప్పుడే గుర్తులు బయటపడతాయి. కింది గోడను నెడితే పై పళ్లు కదులుతాయి, అంగిలి ఉబ్బుతుంది. పై గోడను నెడితే కన్ను ముందుకు వస్తుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. ముందు గోడను నెడితే చెంప వాస్తుంది, తిమ్మిరెక్కుతుంది. అందుకే కొందరు మొదట పళ్ల డాక్టర్ దగ్గరికో కంటి డాక్టర్ దగ్గరికో వెళ్తారు.

ఇది ఎంత అరుదంటే, ఏడాదికి లక్ష మందిలో ఒకరికి కూడా మించదు. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి నంద్యాల జిల్లా జనాభా దాదాపు 17.8 లక్షలు. అంటే జిల్లా మొత్తంలో ఏడాదికి పద్దెనిమిది మందికి లోపే. ముక్కు దిబ్బడతో వచ్చేవాళ్లు మాత్రం వేలల్లో ఉంటారు. అలాంటప్పుడు ఏ డాక్టరైనా మొదట అలర్జీ అనో ఇన్‌ఫెక్షన్ అనో అనుకోవడం న్యాయమే. మన భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ కేస్ అదే. కానీ ప్రోగ్రామ్‌లో డిఫాల్ట్‌తో పాటు ఒక ఇఫ్ కండిషన్ కూడా ఉండాలి: ఒకే వైపు ఉండి, రక్తం పడుతూ, రెండు మూడు వారాల మందులకు తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గర ఎండోస్కోపీ చేయించాలి. చాలాసార్లు అది పాలిప్పో, దూలం వంకరో అని తేలుతుంది. తేలితే మంచిదే కదా!

మా పెదనాయనది ఆళ్లగడ్డ. ముప్పై ఏళ్లు తలుపులు, మంచాలు చేసినాడు. “పడిశమే లేప్పా, పొడి పనిలో ఉండేవానికి ముక్కు కారక ఏమైతాది” అని ఎనిమిది నెలలు తోసేసినాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఇంగ్లండులోని హై వికమ్ కుర్చీలు, బల్లల తయారీకి పేరున్న ఊరు. అక్కడి ఈఎన్‌టీ సర్జన్ ఎస్మీ హాడ్‌ఫీల్డ్ తన దగ్గరికి వచ్చే ముక్కు క్యాన్సర్ రోగుల్లో చెక్కపనివాళ్లు ఎక్కువ ఉన్నారని గమనించారు. ఆమె, అచిసన్, మరికొందరు కలిసి చేసిన అధ్యయనం 1968లో వచ్చింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. తోలు పొడి, నికెల్ శుద్ధి పని కూడా ముక్కు క్యాన్సర్‌కు కారణమవుతాయి. మా ఊరు పేరు చెప్పగానే గుర్తొచ్చే రాతి శిల్పాల పొడి దెబ్బ ప్రధానంగా ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఏ పొడైనా సరే, మాస్కు ఖరీదు తక్కువే.

ఎండోస్కోపీలో గడ్డ కనిపిస్తే వెంటనే ముక్క తీయరు. ముందు స్కాన్. సీటీలో ఎముక ఎంత తినేసిందో, ఎమ్మారైలో మెదడు వైపు, కంటి వైపు ఎంత పాకిందో తెలుస్తుంది. గడ్డలో రక్తనాళాలు ఎక్కువుంటే తొందరపడి ముక్క తీయడం ప్రమాదం. మన వయసు అబ్బాయిల్లో వచ్చే యాంజియోఫైబ్రోమా అలాంటిదే. అది క్యాన్సర్ కాదు గానీ కదిలిస్తే రక్తం ఆగదు. స్కాన్ తర్వాత బయాప్సీ. ఇక్కడ చాలా రకాల క్యాన్సర్లు మైక్రోస్కోపులో ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే రంగుల పరీక్ష చేస్తారు. లింఫోమా అని తేలితే ముఖ్యంగా మందులు, రేడియేషన్. మిగతా రకాల్లో ఎక్కువగా ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. పేరు తప్పితే దారే తప్పుతుంది. కాబట్టి బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు పారేయకుండా అడిగి తెచ్చుకోండి. పెద్దాసుపత్రిలో మళ్లీ చూడటానికి అవే కావాలి.

ఇక సాయం. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, ఈఎన్‌టీ పరీక్షకు మొదట అక్కడికి వెళ్లొచ్చు. క్యాన్సర్ చికిత్సకు కర్నూలు, తిరుపతి, హైదరాబాద్ వైపు వెళ్లాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏయే చికిత్సలు వస్తాయో ఆసుపత్రిలోని వైద్య మిత్రను గానీ, 104కు ఫోన్ చేసి గానీ కనుక్కోండి. ఆసుపత్రి సర్టిఫికెట్ ఉంటే చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైలు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం. వెంట వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. దిగులు ఎక్కువైతే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నిటికన్నా కష్టమైంది ఇంకొక మనిషి దొరకడం. ఇదే జబ్బున్నవాళ్లు ఆళ్లగడ్డలో ఎవరూ దొరకలేదు. ఆపరేషన్‌లో అంగిలి కొంత తీసేశారు. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాట గాలిలా పోయేది. పెదనాయన మాట్లాడటమే మానేసినాడు. అప్పుడు నాకు తట్టింది: జబ్బు పేరుతో కాదు, ఇబ్బంది పేరుతో వెతకాలి అని. అంగిలి తీసేసినవాళ్లు నోటి క్యాన్సర్ రోగుల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకాయన తన ఆబ్ట్యురేటర్ తీసి చూపించినాడు. కట్టుడు పళ్ల సెట్టులాంటిదే, అంగిలిలోని రంధ్రాన్ని మూసేస్తుంది. దంత వైద్యుల్లో ప్రోస్థోడాంటిస్టులు కొలత తీసి చేస్తారు. అది పెట్టుకున్నాక పెదనాయన అన్నం తింటున్నాడు, ఫోన్లో మాట్లాడుతున్నాడు, మమ్మల్ని తిడుతున్నాడు కూడా.

మీ ఇంట్లో చెక్కపని చేసేవాళ్లుంటే ఒక్క ప్రశ్న అడగండి: “ముక్కు ఒక్క వైపే పడుతుందా?” అవునంటే ఈ వారంలోనే ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి.